కొత్త స్టవ్ కొన్నాం, పాత గ్యాస్ పైపే ఉంచీవచ్చా?

రాయగడ_కోడలు:

అందరికీ నమస్కారం అండి. మాది రాయగడ, ఇక్కడ ఒరిస్సాలోనే పుట్టి పెరిగిన తెలుగు వాళ్ళం. మొన్న దసరాకి పార్వతీపురం వెళ్ళినప్పుడు మూడు బర్నర్ల గ్లాస్ టాప్ స్టవ్ ఒకటి కొన్నాం. పాత స్టీల్ స్టవ్ పన్నెండేళ్ళు వాడేను, ఎడమ బర్నర్ మంట ఎర్రగా వస్తా గిన్నెలన్నీ మసి పట్టించీస్తోంది, అందుకే మార్చీసేం. షాపు వాళ్ళు మీది ఒరిస్సా కాబట్టి అంత దూరం వచ్చి ఫిట్టింగ్ చెయ్యలేం, లోకల్ గా ఎవర్నైనా పిలుచుకోండి అన్నారు.

మా వీధిలో కరెంటు పనులు, మోటార్ పనులు చేసే కుర్రాడున్నాడు, పిలిచేం. పాత స్టవ్ కి ఉన్న ఆరంజ్ పైపు పీకీసి కొత్త దానికి తొడగబోతే లూజుగా జారిపోయింది, ఏళ్ళ తరబడి ఒకే నాజిల్ మీద ఉండి మూతి వెడల్పయిపోయినట్టుంది. అప్పుడేం చేసేడంటే కత్తి అడిగి ఆ చివర రెండంగుళాలు కోసీసేడు, కొబ్బరినూనె రాసి నెట్టీసేడు, పైన మోటార్ పైపుకి వేసే క్లిప్పు పెట్టి స్క్రూడ్రైవర్ తో గట్టిగా బిగించీసేడు. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది, మంట కూడా నీలంగా బాగా వచ్చింది, వంద రూపాయలు పట్టుకుని వెళిపోయేడు.

రాత్రి గిన్నెలు సర్దుతా చూస్తే కోసిన చోట రబ్బరు లోంచి సన్నటి ఇనప తీగలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, ఒకటి వేలికి గుచ్చుకుంది కూడా. క్లిప్పు రబ్బర్లోకి దిగిపోయింది. ఇంకోటేటంటే పాత స్టవ్ కి గ్యాస్ మూతి సిలిండర్ ఉన్న వైపే ఉండేది, దీనికి అవతలి వైపు ఉంది, పైగా రెండంగుళాలు కోసీసేడు కదా, పైపు స్టవ్ కింద నించి వెళ్ళి తాడు లాగినట్టు బిగిసిపోయి ఉంది. పైపు మీద అచ్చు సగం చెరిగిపోయింది, 2017 అన్నది మాత్రం కనపడతోంది.

వాసన అయితే రావట్లేదు. మా అత్తగారు నేను పచ్చ రబ్బరు ట్యూబుతో పదిహేనేళ్ళు వండేను, ఏటీ అవలేదు, ఊరికే భయపడకు అంటున్నారు. ఆవిణ్ణి కాదనలేను గానీ నాకు నిద్ర పట్టట్లేదు, ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది.

పైపు ఖచ్చితంగా మార్చాలా? ఎంత పొడుగుది తేవాలి? ఏజెన్సీలోనే కొనాలా, హార్డ్‌వేర్ షాపులో దొరికేది పర్వాలేదా? మరొకటి, చలికాలం వస్తోంది కదా, మా ఆయన ఇదే సిలిండర్ కి, ఒక పైపుని రెండుగా చీల్చే టీ జాయింట్ వేయించి బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టిద్దాం అంటున్నారు, అది ఎంత వరకు మంచిది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.


గుణుపూర్_మిస్త్రీ:

అమ్మా, ముందు రెగ్యులేటర్ ఆఫ్ చెయ్యండి, మిగతాది తరవాత చదువుదురు గాని. ఈ రాత్రికి ఇండక్షన్ ఉంటే దాని మీద కానిచ్చీండి, లేకపోతే పక్కింట్లో వండుకోండి.

నేను గ్యాస్ ఏజెన్సీలో మెకానిక్ గా 19 ఏళ్ళు చేసేను, ఇప్పుడు సొంతంగా స్టవ్ రిపేర్లు చేస్తున్నాను. మీరు రాసిన దాంట్లో ఒక్కటి కూడా సరిగ్గా జరగలేదు, ఆ కుర్రాణ్ణి తిట్టడానికి కాదు గానీ వాడికి నీళ్ళ పైపు పని తెలుసు, గ్యాస్ పైపు పని తెలీదు.

ఆ ఆరంజ్ పైపుని సురక్షా పైపు అంటారు. మూడు పొరలు ఉంటాయి, లోపల గ్యాస్ తగిలే రబ్బరు, మధ్యలో సన్న స్టీలు తీగల అల్లిక, పైన ఆరంజ్ రంగు రబ్బరు. ఆ అల్లిక ఉండబట్టే ఎలక కొరికినా తొందరగా తెగదు. దీని ఆయుష్షు అయిదేళ్ళు. మీది 2017 అంటున్నారు, లెక్క మీరే వేసుకోండి. పాత పచ్చ ట్యూబు అయితే రెండేళ్ళకే మార్చమనేవారు, మీ అత్తగారికి ఏటీ అవలేదంటే దేవుడి దయ అమ్మా, ఆ ట్యూబు మంచిదని కాదు.

ఇప్పుడు కొత్త స్టవ్ కి పాత పైపు ఎందుకు పనికిరాదో చెప్తాను. రబ్బరు ఏళ్ళ తరబడి ఒకే నాజిల్ మీద, వేడి పక్కన కూర్చుంటే ఆ ఆకారానికే గట్టిపడిపోతుంది. కొత్తలో ఉన్న పట్టు ఉండదు. కదపనంత కాలం ఎలాగోలా నడుస్తుంది, పీకి ఇంకో నాజిల్ కి తొడిగినప్పుడు, కొత్త వంపు తిప్పినప్పుడు గట్టిపడ్డ రబ్బరు లోపల్నించి చిట్లుతుంది. నా అనుభవంలో లీకులు ఎక్కువగా చూసింది స్టవ్ మార్చినప్పుడు, ఇల్లు మారినప్పుడు, వంటగదికి టైల్స్ వేయించినప్పుడే. పైపు నడిమి మీద కాదు, రెండు మూతుల దగ్గర ఒక జానెడు లోపల.

చివర కోసి తొడిగితే కొత్తదైపోదు. లోపలి రబ్బరు వయసు అంతే కదా. పైగా వంటింటి కత్తితో కోస్తే అల్లిక విడిపోయి తీగలు లేస్తాయి, ఆ తీగలే రబ్బర్ని కోస్తాయి. నూనె రాయడం ఇంకా తప్పు, నూనె రబ్బర్ని పాడుచెయ్యొచ్చు, ఇవాళ సులువుగా ఎక్కింది రేపు సులువుగానే జారుతుంది. ఎక్కకపోతే పైపు చివర గోరువెచ్చటి నీళ్ళలో ఒక నిమిషం ఉంచి, తడి తుడిచి, తిప్పుకుంటా నెడితే ఎక్కుతుంది. కొంతమంది లైటర్ తో కాలుస్తారు, అది అసలు వద్దు.

కొనడం గురించి. ఏజెన్సీలోనే తీసుకోండి. పైపు ఒంటి మీద ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 9573 అన్న నంబరు, తయారీ నెల, సంవత్సరం అచ్చు ఉండాలి. ఇవి లేకుండా ఆరంజ్ రంగు వేసి అమ్మేవి ఉన్నాయి, గోరుతో గట్టిగా నొక్కితే గుంట పడిపోతుంది, చివర చూస్తే తీగల అల్లికే ఉండదు. పొడుగు ఒకటిన్నర మీటరు మించకూడదు. అది చాలకపోతే సిలిండర్ ని అటు వైపు జరపాలి గానీ రెండు పైపులు అతకడం, పెద్ద పైపు వెయ్యడం చెయ్యకూడదు. స్టవ్ కింద నించి పంపకండి, బర్నర్ అడుగు వేడికి రబ్బరు మాడిపోతుంది. పక్క నించి, కాస్త వదులుగా, విల్లులా వంగి ఉండాలి. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, స్టవ్ దానికన్నా ఎత్తులో ఉండాలి.

తొడిగాక నాజిల్ మీద గాడులన్నీ లోపలికి వెళ్ళేయో లేదో చూసి, పైపు ఎక్కడ ఆగిందో అక్కడ పెన్ను గీత ఒకటి గీసుకోండి. నెల తరవాత చూస్తే జారిందో లేదో తెలిసిపోతుంది.

టెస్ట్ సబ్బు నురగతోనే. స్టవ్ నాబ్ లన్నీ కట్టేసి, రెగ్యులేటర్ ఆన్ చేసి, రెండు మూతుల దగ్గరా, రెగ్యులేటర్ చుట్టూ నురగ రాసి రెండు నిమిషాలు చూడండి, బుడగ పెరిగితే లీకు. అగ్గిపుల్ల వెలిగించి చూసేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను, చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

గీజర్ సంగతి తీరిగ్గా రాస్తాను, బేరం వచ్చింది, వెళ్ళాలి.


జయపురం_బాబాయ్:

నేను ఒప్పుకోను మిస్త్రీ గారూ, మరీ భయపెట్టేస్తున్నారు. మా ఇంట్లో పైపు ఏడేళ్ళయింది, మధ్యలో స్టవ్ ఒకసారి మార్చేం, అదే పైపు తొడిగేం, ఇప్పటిదాకా చుక్క లీకు లేదు. పైపు మెత్తగా ఉంది, పగుళ్ళు లేవు, వాసన లేదు అంటే ఇంకెందుకు మార్చాలి? ఏజెన్సీ వాళ్ళకి పైపు, లైటర్, టీపొడి అన్నీ అంటగట్టడం అలవాటు, రీఫిల్ బుక్ చెయ్యడానికి వెళ్తే ఏదో ఒకటి కొనమంటారు. అమ్మాయి గారి పైపు కోసీసేరు కాబట్టి అది మార్చాల్సిందే, దానికి నేను కాదనను. కానీ బాగున్న పైపుని తేదీ చూసి పారీమంటే మాత్రం డబ్బు దండగే.


పర్లాకిమిడి_అక్క:

బాబాయ్ గారూ, నేను కూడా మీలాగే అనుకునేదాన్ని, అందుకే రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట మాట. మాది పర్లాకిమిడి, మా అమ్మగారి ఊరు పాతపట్నం, రోడ్డు దాటితే ఆంధ్రా. వాళ్ళింట్లో కొత్త స్టవ్ వచ్చింది, అమ్మ వాళ్ళ పాత స్టవ్ బాగానే ఉందని, పైపు, స్టవ్ రెండూ కలిపి అలాగే మా ఇంటికి తెచ్చీసుకున్నాం. పైపు చూడ్డానికి నిగనిగలాడతా ఉంది, అమ్మ ప్రతీ శుక్రవారం తుడిచేది కదా. బస్సులో తేవడానికి చుట్టచుట్టి సంచిలో కుక్కేం. తొడిగేం, నాలుగు రోజులు బాగానే వండేను.

అయిదో రోజు పొద్దున్న నాలుగున్నరకి పాలు కాయడానికి లేచేను. కార్తీక మాసం, తలుపులన్నీ మూసి ఉన్నాయి. వంటగది గుమ్మం దగ్గర నిలబడితే ఏమీ లేదు, కింద పాల గిన్నె తియ్యడానికి వంగేసరికి కుళ్ళిన ఉల్లిపాయలాంటి వాసన గుప్పున కొట్టింది. నిలబడితే లేదు, వంగితే ఉంది. నా చెయ్యి అప్పటికే లైటు స్విచ్ మీద ఉందండి. ఎందుకు ఆగిందో ఇప్పటికీ తెలీదు, వెయ్యలేదు. ఆ స్విచ్ నొక్కుంటే ఈ పోస్ట్ రాయడానికి ఉండేదాన్ని కాదేమో.

చీకట్లోనే తడుముకుంటా వెళ్ళి రెగ్యులేటర్ కట్టేసి, పెరటి తలుపు తీసీసి, పిల్లల్ని లేపి బయటికి తెచ్చీసేను. ఫోను కూడా రోడ్డు మీదకి వచ్చాకే చేసేను, 1906 కి. అది గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు, ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, ఆ అమ్మాయి మొదట అడిగింది మీరు ఇంట్లో ఉన్నారా బయట ఉన్నారా అని. తరవాత ఫ్యాను వెయ్యొద్దు, ఏ స్విచ్చీ వెయ్యొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు, రెగ్యులేటర్ తీసి సిలిండర్ కి ప్లాస్టిక్ మూత పెట్టీమని చెప్పింది. ఆ తెల్ల మూత నేను ఎప్పుడో పారేసేను. పిల్లలు బొంగరంలా ఆడుకునేవారు. ఇప్పుడు దారం కట్టి సిలిండర్ మెడకే వేలాడదీసి ఉంచుతున్నాను.

పొద్దున్న మెకానిక్ వచ్చి పైపుని రెగ్యులేటర్ దగ్గర ఇలా వంచి చూపించేడు. తిన్నగా ఉంటే గీత కూడా కనపడదు, వంచితే చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. సంచిలో చుట్టినప్పుడే చిట్లి ఉంటుంది అన్నాడు. పగలంతా కిటికీలు తీసి ఉంటాయి కాబట్టి తెలీలేదు, రాత్రి రెగ్యులేటర్ కట్టకుండా పడుకున్నాను, ఆ ఒక్క రాత్రి.

ఆ గ్యాస్ గాలికన్నా బరువుట, పైకి పోదు, నేల మీదే నీళ్ళలా పాకుతుందిట. అందుకే పైన ఉన్న వెంటిలేటర్ తో లాభం లేదు, కింద తలుపులు తియ్యాలి.

రాయగడ చెల్లెమ్మా, నువ్వు అత్తగారితో వాదించకు, ఆవిడ ముందే పైపు తీసి వంచి చూపించు. మా అత్తగారు కూడా ఆ పగులు చూసేకే నమ్మేరు, అప్పటి నించి రాత్రిళ్ళు రెగ్యులేటర్ కట్టేవా అని ఆవిడే అడుగుతున్నారు.


గుణుపూర్_మిస్త్రీ:

అక్కగారు రాసింది చదివితే ఒళ్ళు జలదరించింది. గ్యాస్ గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది, 9 శాతం దాకా అంటుకుంటుంది. వంటగదిలో రాత్రంతా కారితే అది చేరడం ఎంతసేపు? ఒక లీటరు ద్రవం బయటికొస్తే దగ్గర దగ్గర 250 లీటర్ల గ్యాస్ అవుతుంది.

జయపురం బాబాయ్ గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది. టీపొడి అంటగట్టడం తప్పే, నేను పనిచేసినప్పుడు కూడా కస్టమర్లు తిట్టేవారు, రీఫిల్ కోసం వచ్చినవాళ్ళని ఇంకోటి కొనమని బలవంతం చెయ్యకూడదు. కానీ పైపు ఆ లెక్కలోది కాదు. మీరు పైపు మెత్తగా ఉంది అంటున్నారు, చేత్తో ముట్టుకునేది పై పొర, గ్యాస్ తినేది లోపలి పొరని. లోపల ఏమయిందో మీకూ నాకూ కనపడదు, అందుకే తేదీ పెట్టేరు. అయిదేళ్ళకి ఒకసారి ఖర్చు, నెలకి లెక్కేస్తే మూడు నాలుగు రూపాయలు కూడా పడదు. మీ పెద్దరికానికి చెప్పేవాణ్ణి కాదు, ఇంటికెళ్ళి ఒక్కసారి రెండు మూతుల దగ్గరా వంచి చూడండి, అంతే అడుగుతున్నాను.

ఇంక గీజర్. రాయగడ అమ్మా, బాత్రూం లోపల గ్యాస్ గీజర్ వద్దే వద్దు. లీకు సంగతి అటుంచండి. మూసిన చిన్న గదిలో మంట మండితే ఉన్న ఆక్సిజన్ తినేస్తుంది, గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, గ్యాస్ లో కలిపే మందు వాసన లాంటిది దీనికి ఉండదు. తల తిరిగినట్టుంటుంది, కాళ్ళు పట్టు తప్పుతాయి, తలుపు గడియ దాకా కూడా రాలేరు. స్నానానికి వెళ్ళినవాళ్ళు అలాగే పోయిన వార్తలు ప్రతీ చలికాలం వస్తూనే ఉంటాయి. పెట్టాలంటే గీజర్ బయట పెరట్లోనో గాలాడే వరండాలోనో పెట్టి, వేణ్ణీళ్ళు మాత్రం పైపులో లోపలికి తెచ్చుకోవాలి. దానికి వేరే సిలిండర్, వేరే రెగ్యులేటర్, వేరే పైపు. టీ జాయింట్ కి ఏజెన్సీ వాళ్ళు ఒప్పుకోరు, నేనూ వెయ్యను, ఎంత బతిమాలినా. ఒక్క జాయింటు ఉండే చోట మూడు జాయింట్లు అవుతాయి, అదొకటి. గీజర్ ఒక్కసారి గ్యాస్ లాగితే స్టవ్ మీద సిమ్ లో పెట్టిన మంట ఆరిపోవచ్చు, గీజర్ ఆగాక గ్యాస్ మాత్రం వస్తానే ఉంటుంది, మంట లేకుండా. అది ఇంకా ప్రమాదం.


సిరొంచ_పోరడు:

నమస్తే అందరికి. మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర. గోదావరి అవతల కాళేశ్వరం, ఇవతల మేము. మా దగ్గర స్టవ్ ను షెగడీ అంటరు, మరాఠీ మాట, మా ఇంట్ల తెలుగుల గూడ అదే నడుస్తది.

మిస్త్రీ అన్న చెప్పని ముచ్చట ఒకటి ఉన్నది. ఇప్పుడు కొత్త ఇండ్లళ్ళ మాడ్యులర్ కిచెన్ అని చేపిస్తున్నరు గదా, మా అన్న గూడ చేపిచ్చిండు. గ్రానైట్ ల బొక్క కొట్టి షెగడీ అండ్లనే దిగేసిన్రు, సిలిండర్ ను కింద చెక్క డబ్బాల పెట్టి తలుపు బంద్. మస్తు అందంగ ఉన్నది. పైపు ఆ బొక్కలకెళ్ళి పోతది, గ్రానైట్ అంచు కత్తి లెక్క పదునుగ ఉంటది, సిలిండర్ మార్చినప్పుడల్ల పైపు ఆ అంచుకు రాసుకుంటది. ఒక్క ఏడాదికే పైన ఆరంజ్ తోలు లేసి లోపట తీగ కనవడ్డది. కొత్త పైపే గని, ఏడాది గూడ నిండలే.

నేను జూసి చెప్తే మావోడు ఏం జేసిండు, పైపు మీద గుడ్డ చుట్టి టేపు ఏసిండు. అది ఇంక ఆగం. గుడ్డ చుడితే పగులు కనవడది, ఎలుక కొరికింది కనవడది, వాసన గూడ ఆలస్యంగ వస్తది. తీపిచ్చిన. బొక్కను పెద్దగ కొట్టిచ్చి అంచుకు రబ్బరు వాషర్ ఏపిచ్చినం, చెక్క తలుపుకు కింద, నేలకు దగ్గర, రెండు జాలీలు పెట్టిచ్చినం. గ్యాస్ కిందికే పోతది గదా, పైన జాలీ పెడ్తె ఏం ఫాయిదా. అసలు మంచిగ జేయాలంటె సిలిండర్ ను బయట పెట్టి రాగి పైపు లైన్ ఏపిచ్చుకోవాలె, అదిగూడ తెలిసినోనితోని.

ఇంకోటి, మా దోస్తు హైదరాబాద్ల ఇంటికి పైపులైన్ గ్యాస్ ఉంటే ఆ షెగడీ ఊరికి తెచ్చి సిలిండర్ కు తగిలిచ్చిండు. మంట ఇంత ఎత్తు లేసింది, ఎర్రగ, మసి. పైపులైన్ గ్యాస్ షెగడీల గ్యాస్ వచ్చే జెట్ బొక్క పెద్దగ ఉంటదట, సిలిండర్ దానికి చిన్నగ ఉండాలె. కొత్త షెగడీ కొంటె డబ్బా మీద ఎల్పీజీ (సిలిండర్ గ్యాస్) నా పీఎన్జీ (పైపులైన్ గ్యాస్) నా అని జూసుకోండ్రి.


బరంపురం_మాస్టారు:

నేను బరంపురంలో స్కూల్ టీచర్ గా చేసి రిటైర్ అయ్యేను. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర అమెరికాలో ఆర్నెల్లు ఉండి వచ్చేను. అక్కడ వాళ్ళు కొత్త స్టవ్ కొన్నప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

అక్కడ మన లాంటి రబ్బరు పైపు ఉండదు. గోడలోంచి గ్యాస్ లైన్ వస్తుంది, దానికి ఒక కట్టే వాల్వు, అక్కణ్ణించి స్టవ్ కి ముడతలు ముడతలుగా ఉన్న స్టీలు గొట్టం, వంగుతుంది. రెండు చివరలా మరలు. స్టవ్ తో పాటు ఆ గొట్టం రాలేదు. పాతది తళతళలాడతా ఉంది, ఇదే పెట్టీవచ్చు కదా, ఎందుకు దండగ అన్నాను నేను, అచ్చం జయపురం బాబాయ్ గారిలాగే. ఫిట్ చెయ్యడానికి వచ్చినతను కుదరదన్నాడు. కొత్త స్టవ్ వస్తే కొత్త గొట్టం, పాతది తిరిగి వాడకూడదు, అంతే. ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పేడు. సన్న లోహం ఒకసారి వంచి, మళ్ళీ తీసి, మళ్ళీ వంచితే ఆ ముడతల దగ్గర అలిసిపోయి చిట్లుతుంది, మనం తీగని అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, అలాగన్న మాట. చివర గరాటులా ఉండే మూతి ఒకసారి బిగిస్తే ఎదటి దాని ఆకారానికి నొక్కుకుపోతుంది, రెండోసారి వేరే దానికి అంత బిగువుగా కూర్చోదు.

అక్కడ ఇంకో పాత రకం ఉండేదిట, పైన పూత లేని ఇత్తడి గొట్టాలు. వాటి చివరలు అతికిన అతుకు కాలం గడిచేకొద్దీ ఊడిపోయి మంటలు, చావులు జరిగేయి. వాళ్ళ వినియోగదారుల భద్రతా కమిషన్ వాటి మీద హెచ్చరిక ఇచ్చింది. అందులో నన్ను ఆపీసిన మాట ఒకటి ఉంది, ఆ గొట్టం మీ ఇంట్లో ఉందో లేదో చూడ్డానికి కూడా స్టవ్ ని మీరు జరపకండి, జరిపిన ఆ కాస్త కదలికకే ఊడిపోవచ్చు, తెలిసినవాణ్ణి పిలవండి అని. రాయగడ అమ్మాయీ, లోహమైనా రబ్బరైనా సంగతి ఒకటే చూడమ్మా, పాత పైపుకి కదలికే శత్రువు. స్టవ్ మార్చడం అంటే దాన్ని కదపడమే కదా.

అయితే ఆన్‌లైన్ లో ఆ స్టీలు గొట్టాలు ఇక్కడా దొరుకుతున్నాయని మన మామూలు స్టవ్ కి తెప్పించుకోకండి. మన నాజిల్ నెట్టి తొడిగేది, దానికి మర ఉండదు, ఆ గొట్టం మరతో బిగించేది. రెంటికీ పొత్తు కుదరదు, మధ్యలో ఏదో అడాప్టర్ పెడితే అదింకో లీకు.


జయపురం_బాబాయ్:

మిస్త్రీ గారు, మీరు చెప్పినట్టు వంచి చూసేను. స్టవ్ వైపు బాగానే ఉంది. రెగ్యులేటర్ వైపు, మూతి నించి నాలుగు వేళ్ళ దూరంలో సన్నగా రెండు గీతలు తెరుచుకున్నాయి. తీగ కనపళ్ళేదు గానీ గీతలు ఉన్నాయి. ఏజెన్సీకి ఫోన్ చేసేను, రేపు పొద్దున్న వస్తామన్నారు. అప్పటిదాకా రెగ్యులేటర్ కట్టేసే ఉంచేను. పర్లాకిమిడి అమ్మాయికి, మీకూ నమస్కారం.


రాయగడ_కోడలు:

అందరికీ ఒక్కొక్కరికి పేరు పేరునా థాంక్స్ అండి. ఏమయిందో చెప్తాను.

మిస్త్రీ గారి రిప్లై చదివిన వెంటనే రెగ్యులేటర్ కట్టేసేను. రాత్రికి అటుకులు, పెరుగు. పొద్దున్నే మా ఆయన ఏజెన్సీకి వెళ్తే అక్కడ మెకానిక్ ఊర్లో లేడు, మధ్యాహ్నం వస్తాడన్నారు, ఈలోగా పైపు కొనుక్కొచ్చీసేరు, ఒకటిన్నర మీటర్లది, 200 లోపే అయింది. ఐఎస్ఐ గుర్తు, 9573, నెల, సంవత్సరం అన్నీ ఉన్నాయి, నేను కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివేను.

మెకానిక్ వచ్చి పాత క్లిప్పు విప్పుతుంటే మా అత్తగారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. క్లిప్పు తీసేసరికి దాని కింద రబ్బరు చుట్టూ తెగిపోయి ఉంది, ఉంగరం తీస్తే వేలి మీద అచ్చు ఉంటుంది చూడండి, అలా, కానీ లోతుగా. పైపు ఊడదీస్తుంటే అతను లాగనే లేదు, నూనెకి జర్రున జారి చేతిలోకి వచ్చీసింది. అత్తగారు ఏమీ అనలేదు. పైపు చేతిలోకి తీసుకుని, వంచి, లోపలికి చూసి, పాపని ఒళ్ళోకి లాక్కున్నారు.

సిలిండర్ ని అవతలి వైపుకి మార్చీసేం, అక్కడ బియ్యం డబ్బా ఉండేది, అది ఇటు వచ్చింది. ఇప్పుడు పైపు స్టవ్ కింద నించి కాకుండా పక్క నించి వంగి వస్తోంది. వేణ్ణీళ్ళలో ముంచి తొడిగేడు, పెన్ను గీత నేను గీసేను. సబ్బు నురగ రాస్తే పైపు దగ్గర ఏమీ రాలేదు గానీ రెగ్యులేటర్ కింద చిన్న బుడగలు వచ్చేయి, సిలిండర్ మూతి లోపల ఉండే చిన్న రబ్బరు రింగు నలిగిపోయిందిట, అది మార్చేక ఆగేయి. అంటే ఆ లీకు ఎప్పణ్ణించి ఉందో, మాకు వాసనే తెలీలేదు.

గీజర్ సంగతి, మిస్త్రీ గారి రిప్లై మా ఆయనకి చదివి వినిపించేను. టీ జాయింట్ మాట మానీసేరు. పెరట్లో రేకుల కింద పెట్టొచ్చా అని అడుగుతున్నారు, మూడు వైపులా గోడ లేదు, ఒక వైపే గోడ. మిస్త్రీ గారూ, మీరు గుణుపూర్ నించి రాయగడ వైపు ఎప్పుడైనా వస్తే ఒకసారి చూసి చెప్తారా? పాత పైపు ముక్కలు కోసి పారీసేను, ఎవరూ ఏరుకుని తగిలించుకోకుండా.


గుణుపూర్_మిస్త్రీ:

ముక్కలు కోసి పారీడం చాలా మంచి పని చేసేరమ్మా. గురువారం రాయగడలో పని ఉంది, పదకొండు దాటేక వస్తాను. గీజర్ ఇంకా కొనకండి, చోటు చూసేక చెప్తాను.